అర మెట్టు పైన పాడిన మా పేట

నందిగామలో నేను పనిచేసే ల్యాబు షట్టర్ పొద్దున్నే ఎత్తుతుంటే సెల్‌ఫోన్ల షాపు భాయ్ ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తగానే గలగలా మాట్లాడే మనిషి, "అక్కా, ఎక్కడున్నావు? మన మాస్టారు..." అని నసిగాడు. "పోయారా?" అన్నాను. "ఊఁ. ఇప్పుడే వాళ్ళింటి నుంచి ఆంటీ ఫోన్ చేసింది. నిద్రలోనే పోయారంట. షాపు కట్టేసి వస్తన్నా, బండి మీద పోదాం," అన్నాడు. షట్టర్ మళ్ళీ కిందికి లాగి గుమ్మం ముందే కూర్చున్నాను. రక్తపరీక్షకని పరగడుపున వచ్చిన ఒక పెద్దాయన "ఏమ్మా, ఇయ్యాల తియ్యవా?" అని అడిగితే ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

ఆయన జగ్గయ్యపేటలో మా చర్చి పాటల బృందానికి, అంటే క్వయర్‌కి, మాస్టారు. ఉద్యోగం మాత్రం లెక్కల టీచరు. వత్సవాయి వైపు బడుల్లో చెప్పి చెప్పి రిటైరయ్యారు. లెక్కలు ఎంతమందికి వంటబట్టాయో తెలీదు కానీ, పేటలో ఈరోజు గిటార్ పట్టుకున్న ప్రతివాడి వేళ్ళూ ఒకప్పుడు ఆయన సరిచేసినవే. నావి కూడా. ఆడపిల్లకి గిటారేమిటని మా నాన్న అడ్డం చెప్తే, "వేళ్ళున్నాయి కదండీ, చాలు," అన్నారట. ఆ ఒక్క మాటకి మా నాన్న ఒప్పుకున్నారు. మాస్టారు మాట తక్కువ మనిషి. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకునేవారు కాదు.

చర్చిలో కీర్తనలు నేర్పే ఈ మనిషి ఇంట్లో ఏం వింటారో తెలిసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. ఆయనకి గోతిక్ రాక్ అంటే ప్రాణం. అదేమిటని అడిగేవాళ్ళ కోసం చెప్తాను. ఇంగ్లండు వైపు ఎప్పుడో పుట్టిన ఒక రకం రాక్ సంగీతం అది. నల్ల బట్టలు, పాడుబడ్డ చర్చిలు, పొగమంచు, సమాధులు, తీరని దిగులు, ఇవీ దాని సరుకులు. పాడేవాడి గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. సిమెంటు లారీల దుమ్ములో, మే నెల ఎండలో మాడిపోయే పేటలో కూర్చుని మంచు కురిసే సమాధుల పాట వినే మనిషి ఎలా తయారయ్యారో నాకు ఎన్నటికీ అంతుచిక్కలేదు.

అన్ని పాటల్లోనూ ఆయనకి ఒక్క పాటే పాట. టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో పక్కగది స్నేహితుడి దగ్గర విన్నారు. రెండు టేప్ రికార్డర్లని వైరుతో కలిపి, ఒకదాంట్లో వాయిస్తూ రెండోదాంట్లో ఖాళీ క్యాసెట్ పెట్టి ఎక్కించుకున్నారు. ఆ క్యాసెట్ వింటూనే గిటార్ నేర్చుకున్నారు. చెప్పేవాళ్ళు లేరు, శ్రుతి చూసుకునే పరికరాలూ లేవు. పాట మొదట్లో బేస్ గిటార్ మందపు తీగ ఒక్కటే, ఏమీ నొక్కకుండా, నిదానంగా మోగుతుంది. ఆ మోతకి తన గిటార్ మందపు తీగని బిగించుకుని, మిగతా తీగలన్నీ దాన్ని బట్టి సరిచేసుకునేవారు. మా అందరి గిటార్లకీ శ్రుతి ఆయన గిటార్ నుంచే వచ్చింది.

వంటింట్లోంచి ఆంటీ, అంటే మాస్టారి భార్య, ఆ తీగ మోత వినగానే "మొదలైందీ దయ్యాల పాట!" అనేవారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒకసారి నవ్వుతూ, "ఏం మాస్టారూ, ఇంకా ఆ సమాధుల పాటలేనా?" అని అడిగారు. "మీరు ఆదివారం చెప్పేదీ సమాధి గురించేగా అయ్యగారూ. మీరు యేసు సమాధి మీద రాయి దొర్లిపోయిందని చెప్తారు, ఈ పాడేవాడు ఇంకా దొర్లలేదని ఏడుస్తున్నాడు. అంతే తేడా అండి," అన్నారు మాస్టారు. అయ్యగారు దాన్ని ఒక ఈస్టర్ ప్రసంగంలో వాడుకున్నారు కూడా, ఎవరన్నారో చెప్పకుండా.

ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారి ముందుగదిలో మేం ముగ్గురం చేరేవాళ్ళం. నేను, నందిగామలో సెల్‌ఫోన్లు బాగుచేసే భాయ్, వత్సవాయిలో పత్తి వేసే అన్న. అన్న మా క్వయర్‌కి డ్రమ్స్ వాయిస్తాడు. భాయ్‌కి చర్చితో సంబంధం లేదు. మాస్టారి పాత టేప్ రికార్డర్ బాగుచేయడానికి వచ్చి, ఆ పాట విని, అక్కడే ఉండిపోయాడు. వినడానికి మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. పాట అయ్యేదాకా కళ్ళు మూసుకోవాలి. తర్వాత టీ. టీ అయ్యాక ఒక్కొక్కరూ విన్నదాంట్లో ఒక్క సంగతే చెప్పాలి. "నాలుగు చెప్పేవాడు ఏదీ విననట్టే," అనేవారు. అన్న ఎప్పుడూ రెండు చెప్పబోయి తిట్లు తినేవాడు.

మా క్వయర్ సంగతి కూడా చెప్పాలి. క్రిస్మస్‌కి ముందు జరిపే సెమీ క్రిస్మస్‌కి పేట, నందిగామ చర్చి సంఘాలు కలిసి పాడటం మా వైపు ఆనవాయితీ. ప్రతిసారీ మొదటి రిహార్సల్లో గొడవే. వాళ్ళ గిటార్లు ఒక చోట, మావి అర మెట్టు, అంటే ఒక స్వరస్థానం, పైన. "పేటోళ్ళు ఎప్పుడూ పైనే పాడతారండీ, మావల్ల కాదు," అని వాళ్ళు తల పట్టుకునేవారు. అందులో మాకు ఎంత గర్వమో! మా గొంతులు గట్టివనీ, మాస్టారు కావాలనే శ్రుతి పెంచారనీ, పై శ్రుతిలో పాడితే ప్రార్థన ముందు చేరుతుందనీ మాలో మేమే కథలల్లుకుని కాలరెగరేసుకు తిరిగాం. చర్చికి కీబోర్డు కొన్నప్పుడు మాస్టారు నాలుగు మెట్లు నొక్కి చూసి, "ఇది కిందికుంది. చవక సరుకు," అని తేల్చారు. శ్రుతి మార్చే బటన్ నొక్కి అర మెట్టు పెంచి, ఎవరూ కదపకుండా దానిమీద ప్లాస్టర్ అంటించారు. ఫోన్లో శ్రుతి చూపించే ట్యూనర్ చూసి మావి తప్పని ఎవరైనా పిల్లలు చెప్తే, "ఫోనుకి మాటలే కానీ చెవులుండవు," అనేవారు. మాకందరికీ ఆ మాట చాలా నచ్చింది.

ఇలా ఉండగా, అప్పటిదాకా మేం మాస్టారి క్యాసెట్లోనే విన్న ఆ పాట మళ్ళీ విడుదలైంది. పాత మాతృక టేపుల నుంచి కొత్తగా శుభ్రం చేసి, ఆల్బంలో వచ్చిన రూపం, ఒక్కపాటగా విడిగా, సింగిల్‌గా వచ్చిన పొట్టి రూపం, సాగదీసిన పొడవు రూపం, ఒక కచేరీలో పాడినది, అన్నీ కలిపి ఇచ్చారు. భాయ్ ఫోన్ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. మాస్టారు పెళ్ళికి వెళ్ళేవాడిలా ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నాం. పాట మొదలైంది. నాకు ఒళ్ళు మండింది. ప్రాణం పోయినట్టు, ఈడుస్తూ, బరువుగా ఉంది. టీ రాకముందే అన్న అందుకున్నాడు.

"ఏంది మాస్టారూ ఇది? గేదె బురదలోంచి లేస్తున్నట్టుంది."

"మత్తిచ్చి పాడించినట్టున్నార్రా," అన్నారు మాస్టారు దిగులుగా.

మిగతా రూపాలూ విన్నాం. అన్నీ అంతే. పాటని పాడుచేశారని తీర్పు చెప్పేశాం. అంతటితో ఆగితే బాగుండేది. ఆ పాట చేసిన బృందం అభిమానులు ప్రపంచం నలుమూలల నుంచీ పోగై, ఏ రూపంలో డ్రమ్ముల మోత బాగుంది, ఏ దాంట్లో గొంతు వెనకపడింది అని వాదించుకునే చోటు ఒకటి ఇంటర్నెట్లో ఉంది. మాస్టారు చెప్తుంటే నేను ఇంగ్లీషులో రాసి పెట్టాను: పాటని మీరు నెమ్మది చేశారు, మా దగ్గర ఉన్నది ఇంతకన్నా చురుకైనది, పైశ్రుతిది. అక్కడివాళ్ళు మొదట నవ్వారు. తర్వాత ఒకాయన మర్యాదగా, అటువంటిది ఎక్కడా విడుదల కాలేదే, మీ క్యాసెట్ ఏ దేశంలో అచ్చయింది, అని అడిగాడు. దాంతో మాకు పూనకం వచ్చింది. ప్రపంచంలో ఎక్కడా లేని రూపం మా పేటలో ఉంది! బృందం తొలిరోజుల్లో పాడి దాచేసినదేదో దారి తప్పి మాస్టారి హాస్టల్‌కి చేరిందని అన్న ఊహించాడు. మేం నమ్మాం. ఆ వర్షాకాలమంతా మాస్టారు పదేళ్ళ వయసు తగ్గినట్టు తిరిగారు.

అసలు సంగతి బయటపెట్టింది భాయే, అదీ మంచి ఉద్దేశంతోనే. క్యాసెట్ పాడైపోకముందే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తే ఆ అభిమానులందరికీ పంపొచ్చని లాప్‌టాప్ తెచ్చాడు. ఎక్కించాడు. కొత్త విడుదల పక్కన పెట్టి చూసుకుంటూ మా క్యాసెట్ పాటని కాస్త కాస్త నెమ్మది చేస్తూ పోయాడు. ఒక చోట ఆగి, మా ముఖాలు చూసి, "మాస్టారూ, రెండూ కలిపి వేస్తున్నా, వినండి," అన్నాడు.

రెండు పాటలు ఒకేసారి మొదలై ఒకే పాటగా నడిచాయి. మందపు తీగ, డ్రమ్ములు, పాడేవాడు ఊపిరి పీల్చే చప్పుడు, అన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడ్డాయి. చివరిదాకా ఎక్కడా విడిపోలేదు. మా దగ్గర ఉన్నది అరుదైన రూపం కాదు, ఆల్బంలో పాటే. ఆ హాస్టల్లో ఎక్కించుకున్న టేప్ రికార్డర్ మోటారు నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగే మిషన్లో ఎక్కిన పాటని మామూలు మిషన్లో వేస్తే వేగంగా, పైశ్రుతిలో పలుకుతుంది. ఆ పాటకి బిగించిన గిటార్ అర మెట్టు పైకి పోయింది. ఆ గిటార్ వెనక మా క్వయర్ పోయింది, దాని వెనక పేట పేటంతా పోయింది. కీబోర్డు తప్పు లేదు, నందిగామ వాళ్ళ తప్పు లేదు.

ముందు అన్నకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుతూ మాస్టారి వైపు చూసి ఆగిపోయాం. ఆయన గిటార్ ఒళ్ళో పెట్టుకుని, భాయ్ ఫోన్లో ట్యూనర్ చూస్తూ ఒక్కో తీగనీ వదులు చేస్తున్నారు. ఆయన తీగ వదులు చేయడం నేను అంతకుముందు చూడలేదు. అయ్యాక వంటింటి వైపు తిరిగి పిలిచారు.

"ఇదిగో, ఒకసారి ఇటు రా."

"పప్పు పొయ్యిమీదుందండీ."

"మాడితే మాడనీ. రా."

ఆంటీ ఒకప్పుడు క్వయర్లో ముందు వరసలో పాడేవారు. నేను చేరేనాటికే మానేశారు. ఎందుకని అడిగితే, "పైన అందట్లేదమ్మా, మా ఇంటాయన శ్రుతి మనవల్ల కాదు," అనేవారు. ఒక ఆదివారం కీర్తనలో పైచోట ఆవిడ గొంతు పగిలితే వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారట. ఆ రోజు దిగి ఆడవాళ్ళ మధ్య కూర్చున్న ఆవిడ, ఆ తర్వాత పెదవులు కదపడమే కానీ గొంతెత్తలేదు. "సాధన చెయ్యి, అందుతుంది," అని మాస్టారు చాలాకాలం పోరారట. తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తడం మానేశారు.

చేతులు తుడుచుకుంటూ వచ్చిన ఆంటీని కుర్చీలో కూర్చోబెట్టి, అప్పుడు గొంతు పగిలిన ఆ పాత కీర్తనే వాయిస్తూ అందుకోమన్నారు. ఆవిడ మా ముందు మొహమాటపడుతూనే మొదలుపెట్టారు. ఆవిడ గొంతు అంత నిండుగా ఉంటుందని నాకు తెలీదు. పైచోటు వచ్చింది. ఇబ్బంది లేకుండా అందుకున్నారు. పాట పూర్తయ్యేసరికి మాస్టారి కళ్ళజోడు మసకబారింది.

"అందింది చూసావా," అన్నారు.

"అందింది. అయితే ఏంటంట?"

"నీ గొంతు బానే ఉందే. తప్పు నా క్యాసెట్ది."

ఆంటీ ఆయన వంక చూసి, "ఇన్నేళ్ళకా అండీ?" అని మాత్రం అని, లేచి పప్పు దించడానికి వెళ్ళారు. ఆవిడకి కోపమొచ్చిందో, నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ తర్వాత మాస్టారు ఆ తప్పుని తేలిగ్గా తీసుకోలేకపోయారు. ఇంటర్నెట్లో అడిగిన ఆ పెద్దమనిషికి జవాబు రాయించారు: "మాది అరుదైన రూపం కాదు, బద్ధకపు మోటారు అని రాయమ్మా. దాచొద్దు." అయినా సరే వినాలని ఉందని అతను అడిగితే భాయ్ పంపాడు. అక్కడ కొందరికి అదే నచ్చిందట. దానికి జగ్గయ్యపేట రూపమని పేరు పెట్టుకుని మిగతావాటి పక్కన పోల్చుకుంటున్నారు. నేనిది చదివి వినిపిస్తే మాస్టారు నవ్వారు, కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "వాళ్ళకేం, సరదా. నేను మనుషుల గొంతులు పట్టి పైకి లాగానమ్మా. అందనివాళ్ళని మీ గొంతే బాలేదన్నా," అన్నారు.

కీబోర్డు మీద ప్లాస్టర్ ఆయనే పీకారు. గిటార్లన్నీ అర మెట్టు దించమన్నారు. కిందటి క్రిస్మస్‌కి నందిగామ వాళ్ళతో మొదటి రిహార్సల్లోనే శ్రుతి కలిసింది. వాళ్ళు నమ్మలేక మా వంక చూశారు. కానీ మా సంఘంలో మాత్రం ఎవరికీ నచ్చలేదు. "ఏంటి మాస్టారూ, పాటల్లో జీవం లేదు," అని పెద్దలు, "జ్వరమొచ్చినట్టుందండీ," అని ఆడవాళ్ళు. గిటార్లు ఒక శ్రుతిలో మొదలుపెడితే జనం రెండో చరణానికల్లా పైకి జరిగిపోయేవారు. మాస్టారు ఓపిగ్గా వాయించడం ఆపి, మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆంటీని ముందు వరసలోకి రమ్మని అడిగారు. "చూద్దాం లెండి," అంటూ ఆవిడ రాలేదు.

ఒక ఆదివారం టీ తాగుతూ, వాతావరణం గురించి మాట్లాడుతున్నంత మామూలుగా అన్నారు: "నన్ను సమాధిలో పెట్టేరోజు మీ ఆంటీ పాడిన ఆ కీర్తన సరైన శ్రుతిలో పాడండి. ఆ రోజైనా ఆవిడ పాడగలగాలి." అన్న గొంతులో టీ అడ్డంపడింది. "అట్లాంటి మాటలు ఎందుకండీ," అన్నాడు. "ఒక్క సంగతే చెప్పమన్నానుగా. నా ఒక్క సంగతి ఇది," అన్నారు. మనిషి ఆరోగ్యంగానే ఉన్నారు. ముసలివాళ్ళని పట్టుకుపోయే ఎండాకాలం ఇంకా రాలేదు.

ఆ ఫోన్ వచ్చిన పొద్దున భాయ్ బండి మీద ఇద్దరం పేట చేరాం. మాస్టారి ఇంటిముందు అప్పటికే కుర్చీలు వేశారు. నేను చేసిన మొదటి పని గిటార్లు తెప్పించడం. నాతో కలిపి నలుగురం వాయించేవాళ్ళం. వసారాలో ఒక మూల కూర్చుని, ట్యూనర్ పెట్టుకుని, ప్రతి తీగా రెండేసిసార్లు చూశాం. ఆయన శిష్యుల గిటార్లు అంత కచ్చితంగా ఎన్నడూ లేవు. ఆయన అడిగిన ఒక్క పనీ అయిపోవాలి కదా అనుకున్నాను.

సాయంత్రం ఊరి బయట సమాధుల తోటకి తీసుకెళ్ళాం. వత్సవాయి నుంచి ఆయన దగ్గర లెక్కలు చదివినవాళ్ళు ట్రాక్టర్ల మీద వచ్చారు. నందిగామ క్వయర్ వాళ్ళూ వచ్చారు. అయ్యగారు ప్రార్థన చేసి, వాక్యం చదివి, ఆ కీర్తన పాడదామన్నారు. నేను తీగల మీద చెయ్యి వేసి మిగతా ముగ్గురి వైపు చూశాను.

మేం మొదలుపెట్టకముందే శవపెట్టె పక్కన నిలబడిన ఆంటీ పాట ఎత్తుకున్నారు.

మొదటి మాటకే నా వేళ్ళకి తెలిసిపోయింది. నేను వాయించిన మొదటి మోత ఆవిడ గొంతుతో గొడవపడింది. ఆవిడ అర మెట్టు పైన ఉన్నారు. పొరపాటున కాదు. ఆ శ్రుతిని ఆవిడ ఒక్కరే నిలబెట్టి పట్టుకున్నారు. తర్వాత ఆడవాళ్ళు, వెనకనుంచి మగవాళ్ళు, పేట పేటంతా అదే చోట అందుకుంది. నా పక్కన గిటార్ పట్టుకున్న అమ్మాయి చెవిలో, "అక్కా, బిగించనా?" అని అడిగింది. వద్దని తల ఊపి, అరచెయ్యి తీగల మీద ఆనించి మోత ఆపేశాను. మిగతా ముగ్గురూ అంతే చేశారు. నందిగామ వాళ్ళు కూడా ఈసారి ఏమీ అనకుండా మెడలు చాచి పైకే పాడారు.

పైచోటు వచ్చింది. ఆంటీకి అందలేదు. గొంతు అందరి ముందూ పగిలింది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ పెట్టె అంచు పట్టుకుని, ఊపిరి తీసుకుని, కిందికి దిగకుండా రెండో చరణం ఆయన పాత శ్రుతిలోనే ఎత్తుకున్నారు.